వివేక కానుకల విధానం

మా తుంగచాపల ప్రోత్సాహక మండలి ఉద్యోగులు దీపావళికి ఒళ్ళు తెలియకుండా ఖర్చు పెడుతున్నారన్న సంగతిని మా డైరెక్టరు ప్రభాకర వర్ధన్ గారు ఊటీలో కనిపెట్టారు. ‘కుటుంబ ఆర్థిక వివేకం’ అన్న అంశం మీద అక్కడ వారం రోజుల శిక్షణ జరిగితే ఆయన సకుటుంబంగా వెళ్ళి హాజరయ్యారు. ఖర్చులన్నీ మండలివే. పొదుపు గురించి ఆ కొండల మీద ఆయనకి కలిగిన జ్ఞానోదయం ఎంత బలమైనదంటే, కాకినాడ తిరిగొచ్చిన రోజునే సామాను ఇంటికి పంపించేసి తిన్నగా ఆఫీసుకి వచ్చి సిబ్బందిని సమావేశపరిచారు.

“పండుగ అనేది భావోద్వేగపూరితమైన వ్యయ సందర్భం. ఇచ్చేవాడు ఆలోచించడు, పుచ్చుకునేవాడు అడగడు. ఈ ఇద్దరి మధ్యా వివేకం అన్న మూడో వ్యక్తి ఉండాలి. ఆ వ్యక్తి ఈ మండలే ఎందుకు కాకూడదు?” అన్నారు ఆయన.

అందరం చప్పట్లు కొట్టాం. అలా పుట్టింది వివేక కానుకల విధానం.

దాని సారాంశం తేలికే. మండలి ఉద్యోగి ఎవరైనా పండక్కి కుటుంబంలో ఎవరికైనా ఏదైనా కొనివ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ వస్తువు తనకి నిజంగా అవసరమేనని పుచ్చుకునేవారు స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి. కమిటీ ఇంటికి వెళ్ళి ఆ అవసరాన్ని కళ్ళారా చూడాలి. అనుమతి లేకుండా కానుక ఇచ్చినట్టు తేలితే ఆ ఏటి ఇంక్రిమెంటు పోతుంది. కమిటీకి డైరెక్టరు గారు అధ్యక్షులు, అకౌంట్స్ ఆఫీసరు హైమవతి గారు సభ్యురాలు, నేను సభ్య కార్యదర్శిని. ఇళ్ళ చుట్టూ తిరగాలి కాబట్టి కమిటీకి ఒక కారు అద్దెకి తీసుకున్నాం. విధానాన్ని ఆర్టు కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించాం. అట్ట మీద దీపం బొమ్మ, దాని కింద ‘ఆలోచించి వెలిగించు’ అన్న మాట. ఆ మాట నేను రాసిందే.

మొదటి దరఖాస్తుదారు స్టోర్స్ సెక్షన్లో పనిచేసే కుడుపూడి సూర్యచంద్రం.

మా ఆఫీసులో ఎవరికైనా పొదుపు నేర్పాల్సి వస్తే చిట్టచివర నేర్పాల్సిన మనిషి ఆయన. గొడుగు చలికాలంలో కొంటాడు, దుప్పటి ఎండాకాలం చివర్లో కొంటాడు. ఏది కొనాలన్నా నాలుగు షాపులు తిరిగి, ఐదో షాపులో కూర్చుని మంచినీళ్ళు తాగి, మొదటి షాపుకి వెనక్కి వచ్చి కొంటాడు. అప్పు చేయడు, వాయిదాల మీద కొనడు. అటువంటి మనిషి ఆ ఏడు ఉగాది నుంచీ కొంచెం కొంచెం పక్కన పెట్టుకుని దీపావళికి భార్యకి గ్రైండరు కొనాలనుకున్నాడు.

ఆయన భార్య మంగతాయారు దోసెల పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్ళకి ఇస్తూ ఉంటుంది. ఉన్నది చిన్న మిక్సీ. రెండు గిన్నెలు తిరిగేసరికి అది కాలి వాసనొస్తుంది. ఆవిడ ఆపేసి, తడిగుడ్డ వేసి, చల్లారేదాకా కూర్చుని మళ్ళీ మొదలుపెడుతుంది. వాళ్ళ వీధి చివర లేడీస్ హాస్టలు ఉంది. అక్కడి వార్డెనుకి ఈవిడ పిండి నచ్చి, రోజూ ఇవ్వగలిగితే కార్తీక మాసం నుంచి మొత్తం హాస్టలుకి నీ దగ్గరే తీసుకుంటానంది. మిక్సీతో అది అయ్యే పని కాదు. ఆ సంగతి మంగతాయారు భర్తకి ఒకే ఒక్కసారి చెప్పి, మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే ఆయనకి అది మనసులో ఉండిపోయింది. మెయిన్ రోడ్డులో ఒక షాపులో పోయినేటి గ్రైండరు, మూత రంగు కాస్త వెలిసింది, మంచి తగ్గింపుకి దొరికింది. దీపావళి దాకా పక్కన పెట్టమని షాపతన్ని ఒప్పించాడు కూడా.

ఇదంతా నాకు చెప్పి, దరఖాస్తు తనే పెడతానని, ఆవిడకి తెలియకుండా పని కానిమ్మని అడిగాడు. పుచ్చుకునేవారే పెట్టుకోవాలని నేను చెప్పాను.

“చెప్పేస్తే ఇంకేవుందండి శివం గారూ. పండగ పూట వంటింట్లోకొచ్చి లైటేసేసరికి అదక్కడుండాలని కదండి నా ఆశ” అన్నాడు.

హఠాత్తుగా ఆనందపరచడం అనేది అనాలోచిత వ్యయానికి ప్రథమ కారణమని విధానంలో మూడో పేజీలో ఉందని ఆయనకి చూపించాను. ఆయన ఆ పుస్తకాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం భార్యకి సంగతంతా చెప్పేశాడట. ఆవిడ ముందు సంతోషించి, ఆ తర్వాత నవ్వి, కాగితం తీసుకుని దరఖాస్తు రాసిచ్చింది.

తనిఖీకి మేం ముగ్గురం ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. ఇల్లు చిన్నదే గాని అద్దంలా ఉంది. ఆఫీసరు గారు ఇంటికి వస్తున్నారు కదా అని మంగతాయారు తెల్లవారకముందే లేచి, మిక్సీని చల్లారుస్తూ చల్లారుస్తూ పిండి రుబ్బి దోసెలు పోసింది. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి చేసింది. డైరెక్టరు గారు ఒకటి చాలన్నారు, తర్వాత ఇంకొకటి చాలన్నారు, ఆ తర్వాత చాలనడం మానేశారు. హైమవతి గారు పచ్చడి ఎలా చేశావమ్మా అని అడిగి రాసుకున్నారు. నేనైతే కార్యదర్శిని కాబట్టి అన్నీ గమనిస్తూ తిన్నాను.

తిరుగు ప్రయాణంలో కార్లోనే నివేదిక తయారైంది. ‘సదరు గృహమున వడ్డించబడిన దోసెలు మిక్కిలి మృదువుగా ఉన్నవి. ప్రస్తుత పరికరముతోనే ఇంతటి మెత్తదనము సాధ్యమగుచున్నందున, గ్రైండరు యొక్క అవసరము నిరూపితము కాలేదు.’

సూర్యచంద్రం ఆ కాగితం చదివి నా టేబులు దగ్గరికి వచ్చాడు. మిక్సీ వేడికి మా ఆవిడ చేతులెలా ఉన్నాయో చూశారా సార్ అని మాత్రం అడిగాడు. మేం చూడలేదు. చేతులు చూడాలని విధానంలో లేదు. అప్పీలు చేసుకోవచ్చని సలహా ఇచ్చాను.

అప్పీలు తనిఖీకి వెళ్ళినప్పుడు పరిస్థితి మారింది. ఈసారి మంగతాయారు మిక్సీ ఎంత రుబ్బితే అంతే తీసి, దోసె పోసి పెట్టింది. అందులో బియ్యం గింజలు పంటి కింద పడుతున్నాయి. అట్టలా మందంగా ఉంది, మధ్యలో చిల్లు కూడా ఉంది. డైరెక్టరు గారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. ఆయన ముఖంలో జాలి కనిపించింది. సూర్యచంద్రం గుమ్మం పక్కన నిలబడి ఆశగా చూస్తున్నాడు. అప్పుడు డైరెక్టరు గారు, ఒకే మిక్సీ, ఒకే మనిషి, ఒకసారి బాగా వచ్చింది, ఒకసారి రాలేదు, అంటే లోపం యంత్రానిది కాదు కదా అన్నారు. మాకు అంతవరకూ తట్టలేదు. లోపం నైపుణ్యానిదని, నైపుణ్యాన్ని గ్రైండరు కొని సరిచేయలేమని, శిక్షణ ఇచ్చి సరిచేయాలని నిర్ణయమైంది.

ఈపాటికి మిగతా దరఖాస్తులు కూడా ఇదే దారిలోకి వచ్చాయి. డెస్పాచ్ సెక్షన్ అప్పలనర్స వాళ్ళ నాన్నకి చెప్పులు కొందామనుకుంటే, పాతవి ఒక వైపే అరిగాయని గమనించి, ఆ పెద్దాయన నడక తీరు సరిగా లేదని తేల్చాం. టైపిస్టు భానురేఖ అత్తగారికి గోడ గడియారం కొంటానంది. టైము తెలియకపోవడం వల్ల ఇంతవరకూ ఏం నష్టం జరిగిందో చెప్పమని ఆ పెద్దావిడని అడిగాం. ఆవిడ ఆలోచించి, ఏం జరగలేదు బాబూ అంది. ఇలా ప్రతి ఇంట్లోనూ, కావాల్సింది వస్తువు కాదని, అది లేకుండా గడుపుకునే నేర్పని స్పష్టమైంది. ఆ నేర్పు నేర్పే బాధ్యత మండలి తీసుకుంది. దీనికి ‘అవసర నివారణ శిక్షణ’ అని పేరు పెట్టాం.

మొదటి శిక్షణ పిండి రుబ్బడం మీద. గ్రైండర్లు అడిగిన ఇళ్ళు మొత్తం పన్నెండు తేలాయి. వాళ్ళందరికీ సరైన మెత్తదనం అంటే ఏమిటో తెలియాలంటే ప్రమాణం ఒకటి ముందుండాలి కదా. అందుకని మండలి పన్నెండు గ్రైండర్లు కొంది. పోయినేటి మోడలు, తగ్గింపు ధర అంటే నిబంధనలు ఒప్పుకోవు. టెండరు పిలిచి కొత్తవే కొన్నాం. సరుకు దించుకుని సంతకం పెట్టి స్టోర్సులో పెట్టించింది సూర్యచంద్రమే. ఒక్కొక్క పెట్టె మీద దుమ్ము పడకుండా తుంగచాప కప్పాడు. మండలి పెట్టిన ఇన్నేళ్ళలో చాపలు పనికిరావడం నేను చూడడం అదే మొదలు.

శిక్షకుడు హైదరాబాదు నుంచి విమానంలో రాజమండ్రి దిగి, మా కారులో వచ్చాడు. పెద్ద హోటల్లో వంటల సలహాదారట. పులియబెట్టడం అన్న ప్రక్రియ ఏయే దేశాల్లో ఎప్పుడెప్పుడు మొదలైందో తెరమీద బొమ్మలతో చాలాసేపు చెప్పాడు. తర్వాత పప్పు ఎంతసేపు నానాలని ఒకావిడ అడిగితే, అది పప్పు స్వభావం మీద ఆధారపడి ఉంటుందన్నాడు. గ్రైండరు ఆన్ చేయమంటే అటూ ఇటూ చూశాడు. వాళ్ళ హోటల్లో ఆ పని వేరే వాళ్ళు చూసుకుంటారట.

అప్పుడు వెనక వరసలో కూర్చున్న మంగతాయారు లేచి ముందుకి వచ్చింది. చేతులు కడుక్కుని మినప్పప్పు వేసింది. నీళ్ళు ఒక్కసారి పోయకుండా ఎలా చిలకరించాలో, పిండి పొంగడం ఎలా చూడాలో చూపించింది. హాల్లో అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. రాయి తిరుగుతున్నంతసేపూ ఆవిడ గ్రైండరు అంచు మీద చెయ్యి పెట్టి ఉంచింది. ఆ చెయ్యి తీయాలనిపించనట్టు ఉండడం నాకు గుర్తుంది. సూర్యచంద్రం తలుపు దగ్గర నిలబడి చూసి, మధ్యలో బయటికి వెళ్ళిపోయాడు.

శిక్షణ ఘనవిజయం. డైరెక్టరు గారు పరవశించిపోయి మంగతాయారుని గౌరవ శిక్షకురాలిగా అక్కడికక్కడే ప్రకటించి, శాలువా కప్పి, పారితోషికం కూడా మంజూరు చేశారు. హైమవతి గారు ఆడిట్ వాళ్ళేమంటారో అని నసిగితే, హైదరాబాదు ఆయనకి ఇచ్చిన దానిలో అది పదో వంతు కూడా లేదని సర్దిచెప్పారు. మంగతాయారు శాలువా సర్దుకుంటూ, మరి నా దరఖాస్తు ఏమైంది సార్ అని అడిగింది.

“అమ్మా, నీకిప్పుడు నైపుణ్యం సంపూర్ణంగా ఉంది. అవసరం తొలగిపోయింది. నిన్ను చూసి మండలి గర్విస్తోంది” అన్నారు డైరెక్టరు గారు.

అంతటితో అయిపోతే బాగుండేది. కాని కార్యాలయం ఆలోచించడం మొదలుపెడితే మధ్యలో ఆపదు. గ్రైండరు లేని ఇంటి ఇల్లాలికి గ్రైండరు మీద అంత పట్టు ఎలా వచ్చిందన్న సందేహం ఫైలు మీదకి ఎక్కింది. సూర్యచంద్రం అనుమతి లేకుండా ఇదివరకే కొనిచ్చి ఎక్కడైనా దాచాడేమో వివరణ ఇవ్వాలని మెమో వెళ్ళింది. రాసింది నేనే. వాక్యనిర్మాణం బాగా కుదిరిందని డైరెక్టరు గారు మెచ్చుకున్నారు. ఆవిడకి ఆ పట్టు పుట్టింటి రుబ్బురోలు మీద వచ్చిందని సూర్యచంద్రం ఇచ్చిన వివరణని ఫైల్లో పెట్టాం.

దీపావళి దగ్గరికి వచ్చేసింది. ఆ గ్రైండరు గురించి వేరేవాళ్ళు అడుగుతున్నారని షాపతను రెండుసార్లు ఫోన్ చేశాడు. హాస్టలు వార్డెను ఇంకొకావిడ దగ్గర నమూనా పిండి తెప్పించుకుందని తెలిసింది. సూర్యచంద్రం ఇంక్రిమెంటు పోతే పోయిందని కొనేద్దామనుకున్నాడు. జన్మలో ఒక రూపాయి వృథా చేయని మనిషి అంతమాట అనుకున్నాడంటే ఆయన ఎంత నలిగిపోయాడో చూడండి. ఇవన్నీ తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

ఆయన అలా అనుకున్న రోజే మంగతాయారు ఆయన జేబులోంచి ఆ రంగుల పుస్తకం తీసుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివిందట. మా విధానాన్ని ఆసాంతం చదివిన మొదటి మనిషి ఆవిడే అనుకుంటాను. కమిటీలో కూడా ఎవరం పూర్తిగా చదవలేదు. చదివి, కళ్ళజోడు తీసి, భర్తని పిలిచింది.

“ఏవండీ, ఉద్యోగి ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని రాశారు గానండి, ఉద్యోగికి ఎవరూ ఇవ్వకూడదని ఎక్కడా లేదండి.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదట.

“నేను మండలిలో పనిచేయట్లేదు కదండి. మీకు నేను కొంటాను” అంది.

పారితోషికానికి పిండి అమ్మగా వచ్చినది కలిపి, మర్నాడు తనే మెయిన్ రోడ్డుకి వెళ్ళి, షాపతనితో ఇంకాస్త తగ్గించుకుని, ఆ వెలిసిన మూత గ్రైండరుని రిక్షాలో ఇంటికి తెచ్చింది. నరక చతుర్దశి పొద్దున సూర్యచంద్రం తలంటుకుని వచ్చి వంటింట్లో లైటు వేసేసరికి, దానికి బొట్టు పెట్టి, ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఆయన నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పీట లాక్కుని దాని ముందే చతికిలబడ్డాడట. ఆవిడ కాఫీ ఇచ్చి, నచ్చిందా అండి అని అడిగిందట.

నిజాయితీపరుడు కాబట్టి, పండగ సెలవులు అవ్వగానే తనకి భార్య గ్రైండరు కానుకగా ఇచ్చిందని ఆఫీసుకి రాసిచ్చాడు. అత్యవసర సమావేశం జరిగింది. విధానంలో ఇంత ఖాళీ ఉందని తెలిసి డైరెక్టరు గారికి ముచ్చెమటలు పోశాయి. కానుకని వాపసు చేయించడానికి మంగతాయారు మీద మనకి అధికారం లేదని హైమవతి గారు తేల్చారు. చివరికి డైరెక్టరు గారే ఒక మార్గం కనిపెట్టారు. ఉద్యోగికి వచ్చిన కానుకని ఉద్యోగే స్వయంగా వినియోగించాలి, వేరేవాళ్ళు వాడుకుంటే అది ఉద్యోగి ఇచ్చిన కానుక కిందే లెక్క అని సవరణ తెచ్చారు. సూర్యచంద్రం గ్రైండరు ముందు కూర్చుని పిండి రుబ్బుతాడా, అదీ చూద్దాం అన్నారు.

ఒకరోజు ఇంకా చీకటి ఉండగానే చెప్పకుండా వెళ్ళాం. తలుపు తీసే ఉంది. వంటింట్లో సూర్యచంద్రం లుంగీ పైకి కట్టి, బనీను మీద పిండి చుక్కలతో, రాయి పక్కన కూర్చుని నీళ్ళు చిలకరిస్తున్నాడు. మంగతాయారు పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ, ఇంకాస్త తిరగనివ్వండి, పొంగు రాలేదండి అని చెబుతోంది. మూల రెండు పెద్ద స్టీలు డబ్బాలు నిండుగా, మూతలు బిగించి ఉన్నాయి. అవి హాస్టలుకట. నమూనా పంపిన ఇంకొకావిడ పిండి వార్డెనుకి పులుపెక్కువనిపించిందట.

డైరెక్టరు గారు డబ్బాల మూతలు కూడా తీసి చూశారు. రాయవలసిందేమీ కనిపించలేదు. వినియోగము సంతృప్తికరము అని నేను రాస్తే సంతకం పెట్టారు. ఆ నెలలోనే మా విధానానికి ఢిల్లీలో బహుమతి వచ్చింది. పండుగ కానుకల ఖర్చుని ఒక్క ఏడాదిలో సున్నాకి తెచ్చిన కార్యాలయం దేశంలో ఇంకెక్కడా లేదట. అది అందుకోవడానికి డైరెక్టరు గారు సకుటుంబంగా వెళ్ళారు. ఆ సమయంలోనే, ఇంక తనిఖీలు చాలించవచ్చని హైమవతి గారు, నేను అనుకుని ఆ మాట చెప్పడానికి సూర్యచంద్రం ఇంటికి వెళ్ళాం.

మంగతాయారు ఒప్పుకోలేదు.

“తనిఖీ మాత్రం మానకండి సార్. మీరు రారని తెలిస్తే ఈయన లేవరండి” అంది.

మా మండలిని ప్రజలు ఏదైనా చేయమని అడగడం అదే మొదలు. ఢిల్లీ నుంచి డైరెక్టరు గారు ఫోన్లోనే మంజూరు చేసి, తనిఖీని రోజువారీ చేశారు, బాధ్యత నాకు అప్పగించారు. అందుకని రోజూ తెల్లవారకముందే వాళ్ళింటికి వెళ్ళి, సూర్యచంద్రం రుబ్బుతుంటే చూసి సంతకం పెడుతున్నాను. ఊరికే కూర్చోబెట్టడం మర్యాద కాదని ఆవిడ నాకు పప్పు చాట ఇస్తుంది. ఏరి పెడుతున్నాను. హాస్టలు నేను వెళ్ళే దారిలోనే ఉంది కాబట్టి, డబ్బాలు నా స్కూటరు మీదే వెళుతున్నాయి.